ఇమేజ్ పోలేదు, డిస్కే చాలలేదు

ప్రశ్న: మాది తెనాలిలో చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాం. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫొటోషాప్, ట్యాలీ అన్నీ ఒకే డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. పాత సిస్టమ్, విండోస్ 10. అందులో 1 టీబీ హార్డ్ డిస్క్, అంతా ఒకటే సీ డ్రైవ్. వాడింది 210 జీబీ మాత్రమే. కంట్రోల్ ప్యానెల్‌లోని ‘బ్యాకప్ అండ్ రిస్టోర్’ నుంచి సిస్టమ్ ఇమేజ్ (విండోస్, ప్రోగ్రాములు, ఫైళ్లు అన్నీ కలిపిన మొత్తం నకలు) తీసి 2 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో పెట్టుకున్నాను. పోయిన నెల హార్డ్ డిస్క్ టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని, రిపేర్ డీవీడీతో రిస్టోర్ పెడితే ‘సిస్టమ్ డిస్క్‌ని రికవర్ చేయడానికి పనికొచ్చే డిస్క్ ఏదీ దొరకలేదు’ అని ఇంగ్లిషులో చెప్పి, చివర 80042412 అనే కోడ్ చూపించింది. సైజు చాలలేదేమోనని దాన్ని పక్కనపెట్టి, 1 టీబీ కావాలని షాపులో అడిగి 960 జీబీది తెచ్చాను. మళ్లీ అదే మెసేజ్. ఈలోగా డీవీడీ రీడర్ కూడా మొరాయించింది. మిత్రుడి దగ్గర 1 టీబీ హార్డ్ డిస్క్ అరువు తెచ్చుకుని, అతని విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తోనే బూట్ చేస్తే ఈసారి వేరే పాట: ‘ఇమేజ్ తీసిన కంప్యూటర్ బయోస్‌ది, ఈ కంప్యూటర్ ఈఎఫ్‌ఐది, కుదరదు’ అంటోంది. రెండూ ఒకే కంప్యూటర్ కదండీ! సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ఇమేజ్ కరప్ట్ అయిందన్నారు, డేటా రికవరీకి 18 వేలు అడిగారు. ‘ఫార్మాట్ అండ్ రీపార్టిషన్ డిస్క్స్’ అన్న చోట టిక్ పెడితే అయిపోతుందని ఇంకొకాయన చెప్పాడు. లోపల కస్టమర్ల ఫొటోలున్న రెండో డిస్క్ కూడా ఉంది, అందుకని భయపడి ఆగాను. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. నా ఇమేజ్ పోయినట్టేనా?

జవాబు: పోలేదండీ. మీరు రాసిన రెండు మెసేజ్‌లే దానికి సాక్ష్యం. మొదటిది డిస్క్ మీద ఫిర్యాదు, ఇమేజ్ మీద కాదు. రెండోదయితే ఇంకా మంచి కబురు. ఈ ఇమేజ్ బయోస్ కంప్యూటర్‌ది అని ఆ టూల్ చెప్పగలిగిందంటే, ఇమేజ్ వివరాలు రాసి ఉన్న ఫైళ్లను తెరిచి చదివిందన్నమాట. లోపల ఉన్నదంతా చదవగలదని ఇంతమాత్రాన తేలదు, దాన్ని విడిగా పరీక్షించుకోవాలి. కానీ ఏ పరీక్షా చేయకుండా ‘కరప్ట్’ అని తేల్చేసి 18 వేలు అడగడం మాత్రం నాకు నచ్చలేదు. ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ముందు చెయ్యాల్సింది మళ్లీ రిస్టోర్ నొక్కడం కాదు, ఆపడం. ఇప్పుడు మీ పనంతా ఉన్నది ఆ ఒక్క ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో. దానికి రెండో ప్రతి లేదు. దాన్ని ప్రతి ప్రయత్నానికీ పీకి, పెట్టి, మధ్యలో ఒకసారి కింద పడేస్తే అప్పుడు నిజంగానే రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

ఆ డ్రైవ్‌ని విండోస్ 10 గానీ 11 గానీ ఉన్న వేరే కంప్యూటర్‌కి పెట్టండి. డ్రైవ్ తెరవగానే, వేరే ఏ ఫోల్డర్ లోపలా కాకుండా, పైనే ‘విండోస్‌ఇమేజ్‌బ్యాకప్’ అని ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. పర్మిషన్ లేదంటే ‘కంటిన్యూ’ నొక్కండి. దాని లోపల మీ పాత కంప్యూటర్ పేరుతో ఒక ఫోల్డర్, అందులో ‘క్యాటలాగ్’ లాంటి చిన్న ఫోల్డర్లు, ‘బ్యాకప్’ అన్న మాట పక్కన తేదీ, సమయం ఉన్న ఫోల్డర్ ఉంటాయి. ఆ తేదీ ఫోల్డర్ తెరిస్తే పొడుగాటి అంకెలూ అక్షరాలూ కలిసిన పేర్లతో వీహెచ్‌డీఎక్స్ ఫైళ్లు (ఒక్కొక్కటీ ఒక పార్టిషన్‌ని అలాగే దాచిన ఫైలు), వాటితోపాటు బోలెడు ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు కనబడతాయి. మీ లెక్క ప్రకారం ఒక వీహెచ్‌డీఎక్స్ 200 జీబీ చుట్టుపక్కల ఉండాలి. అదే మీ సీ డ్రైవ్. పక్కన ఉండే చిన్నవి బూట్ పార్టిషన్, రికవరీ పార్టిషన్‌ల తాలూకువి.

(ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. మన దగ్గర డిస్క్‌ని సీ, డీ, ఈ అని ముక్కలు చేసి, పనంతా డీలో దాచుకునే అలవాటు ఎక్కువ. సిస్టమ్ ఇమేజ్ తనంతట తాను తీసుకునేది విండోస్ నడవడానికి కావలసిన పార్టిషన్‌లనే. డీకి మీరు విడిగా టిక్ పెట్టకపోతే అది ఇమేజ్‌లో ఉండదు. ఆ తేదీ ఫోల్డర్‌లో పెద్ద వీహెచ్‌డీఎక్స్ ఒక్కటే కనిపిస్తే డీ రాలేదనే అర్థం. తెనాలి మిత్రుడికి అంతా సీలోనే ఉంది కాబట్టి ఈ గొడవ లేదు.)

ఇప్పుడు ఆ ‘విండోస్‌ఇమేజ్‌బ్యాకప్’ ఫోల్డర్‌ని మొత్తంగా, పేరు మార్చకుండా, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసిన ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. వీహెచ్‌డీఎక్స్ ఒక్కటే తీస్తే చాలదు. క్యాటలాగ్, ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు లేకపోతే రిస్టోర్ టూల్ దాన్ని ఇమేజ్‌గా గుర్తించదు. పెట్టే చోటు కూడా డ్రైవ్‌లో పైనే ఉండాలి, ‘పాత బ్యాకప్’ అని ఫోల్డర్ చేసి అందులో దాస్తే దానికి కనబడదు. ఖాళీగా పక్కన పెట్టిన 480 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉందిగా, 200 చిల్లర జీబీకి అది సరిపోతుంది. దానికి ఒక యూఎస్‌బీ కేస్ కొనుక్కోండి. కొన్నది వృథా కాలేదు.

ఈ కాపీయే అసలు పరీక్ష. చివరిదాకా సాఫీగా వెళ్తే డిస్క్‌లోంచి ఆ ఫైలంతా చదవగలిగినట్టే. మధ్యలో ఆగి ‘డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అనో, ఐ/ఓ డివైస్ ఎర్రర్ అనో వస్తే, లేదా చివర 80070017, 8007045డి లాంటి కోడ్‌లు కనబడితే, అవి చదవడంలో వచ్చిన తప్పులు. ముందు కేబుల్ మార్చండి, డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వదిలి వెనకవైపు, నేరుగా మదర్‌బోర్డుకు ఉన్న పోర్టుకి పెట్టండి. వీటిలో సగం ఆ ముందు పోర్టుల పుణ్యమే. అప్పటికీ అదే చోట ఆగితే మాత్రం ఆపేయండి. చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు వెతికే విండోస్ టూల్) నడిపి దాన్ని ఇంకా అరగదీయవద్దు. మంచి రికవరీ మనిషిని వెతకాల్సిన సందర్భం అదొక్కటే.

కాపీ అయ్యాక దాన్ని తెరిచి చూడండి. చాలామంది సిస్టమ్ ఇమేజ్ అంటే సీలు వేసిన పెట్టె అనుకుంటారు, రిస్టోర్ చేస్తే తప్ప లోపలిది బయటికి రాదనుకుంటారు. కాదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి, పైన ‘యాక్షన్’ మెనూలో ‘అటాచ్ వీహెచ్‌డీ’ ఉంటుంది. బ్రౌజ్ చేసి ఆ పెద్ద ఫైలు చూపించండి. ఓకే నొక్కే ముందు కింద ‘రీడ్-ఓన్లీ’ అనే చిన్న గడి ఉంది చూశారా, అందులో టిక్ పెట్టండి. ఫైలు మీద డబుల్ క్లిక్ చేసినా తెరుచుకుంటుంది గానీ, అలా తెరిస్తే లోపల మార్పులు రాసే వీలు ఉంటుంది. ఇమేజ్‌లో మనకు తెలియకుండా ఒక్క ముక్క మారినా రేపు రిస్టోర్ దగ్గర పేచీ పెట్టవచ్చు. ఎక్కడైనా ‘ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలా’ అనో ‘ఇనిషియలైజ్ చేయాలా’ అనో పెట్టె వస్తే ‘క్యాన్సిల్’. వేరే జవాబు లేదు.

అటాచ్ కాగానే కొత్త డ్రైవ్ అక్షరంతో మీ పాత సీ డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది. యూజర్స్ ఫోల్డర్‌లో మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అన్నీ ఎక్కడివక్కడే. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయన్నారు కాబట్టి, రిస్టోర్ సంగతి తర్వాత చూద్దాం, ఈ రోజే వీటిని బయటికి తీసుకోండి: పేజ్‌మేకర్ ఫైళ్లు, అంటే చివర పీఎండీ అని ఉండేవి, మరీ పాతవైతే పీ65. వాటితోపాటు వాటిలో ప్లేస్ చేసిన వినాయకుడి బొమ్మలు, బోర్డర్లు ఉన్న ఫోల్డర్లు కూడా. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను తనలో దాచుకోకుండా బయట ఉన్నచోటికి లింకు పెట్టుకుంటుంది. అవి లేకపోతే స్క్రీన్ మీద బాగానే కనిపించి ప్రింటులో మసకగా వస్తాయి. తర్వాత విండోస్ ఫోల్డర్ లోపలి ‘ఫాంట్స్’ నుంచి మీ అను ఫాంట్లు. అవి యూనికోడ్ కావు కదా, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ కూడా ఇంగ్లిషు గుర్తుల కుప్పే. ట్యాలీకి దాని డేటా ఫోల్డర్, లోపల అంకెల పేర్లతో ఉండే ఫోల్డర్లు ఒక్కొక్కటీ ఒక్కో కంపెనీ లెక్క. ఇవి చేతికొస్తే, తోటి డీటీపీ వాళ్ల సిస్టమ్ మీద కూర్చుని అయినా అత్యవసరమైన కార్డులు లాగించేయవచ్చు. మనసు కుదుటపడ్డాక రిస్టోర్ చేద్దాం.

ఇక ఆ 80042412 సంగతి. 210 జీబీ సామాను 480 జీబీలో పట్టదా అని మీ సందేహం. సామాను పడుతుంది. కానీ ఈ టూల్ చూసేది సామానుని కాదు. ఇమేజ్ తీసేటప్పుడు ఫైళ్లతోపాటు డిస్క్ కొలతలు కూడా రాసుకుంటుంది, ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది అన్నది అంగుళంతో సహా. రిస్టోర్ చేసేటప్పుడు అవే కొలతలతో పార్టిషన్‌లు గీసి, ఆ తర్వాతే ఫైళ్లు నింపుతుంది. అయిదు సెంట్ల స్థలానికి గీసిన ప్లానుని నాలుగు సెంట్లలో కట్టమంటే మేస్త్రీ అయితే ఏదో సర్దుతాడు, ఇది సర్దదు. కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో, ఎక్కువగానో ఉండి తీరాలి.

మరి 960 ఎందుకు కాదంది? అక్కడే మీ షాపువాడు మిమ్మల్ని, తనకు తెలియకుండానే కావచ్చు, ఇరికించాడు. 1 టీబీ హార్డ్ డిస్క్‌లో సాధారణంగా ఉండే బైట్లు 1,000,204,886,016. 960 జీబీ అని అట్ట మీద రాసిన ఎస్‌ఎస్‌డీలో ఉండేవి 960,197,124,096. తేడా సుమారు 4,000 కోట్ల బైట్లు. విండోస్ తన లెక్కలో మొదటిదాన్ని 931 జీబీగా, రెండోదాన్ని 894 జీబీగా చూపిస్తుంది. ‘వన్ టీబీయే సార్, అదీ ఇదీ ఒకటే’ అని కౌంటర్లో అనేది మామూలు వాడకానికి నిజమే, ఇమేజ్ రిస్టోర్‌కి మాత్రం కాదు. తక్కువైంది ఎంత అన్నది దానికి అనవసరం, తక్కువైతే చాలు, ‘డిస్క్ దొరకలేదు’ అంటుంది. ఆ మాట కూడా సరిగ్గా చెప్పదు. ‘డిస్క్ చిన్నది’ అని ఉంటే మీరు షాపుకి ఒక్కసారే వెళ్లేవారు.

సైజు సరిపోయినా ఇదే కోడ్ వచ్చే సందర్భాలు లేకపోలేదు. ఏ డిస్క్‌లను మినహాయించాలి అనే ‘ఎక్స్‌క్లూడ్’ జాబితాలో కొత్త డిస్క్ పడిపోయి ఉండవచ్చు, లేదా కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎమ్ఈ (కొత్త రకం ఎస్‌ఎస్‌డీ) డిస్క్‌కి స్టోరేజ్ డ్రైవర్ ఇవ్వకపోతే రికవరీ స్క్రీన్‌కి అసలు డిస్క్ కనబడకపోవచ్చు. పాత డెస్క్‌టాప్‌లో సాటా డిస్క్ కాబట్టి మీకు ఆ తంటా ఉండకూడదు.

అరువు తెచ్చిన డిస్క్‌తో వచ్చిన మెసేజ్‌కి డిస్క్‌తో ఏ సంబంధమూ లేదు. మీరే రాశారు: మొదటి రెండుసార్లు డీవీడీ, మూడోసారి పెన్‌డ్రైవ్. ఒకే కంప్యూటర్ రెండు రకాలుగా బూట్ కాగలదు, పాత బయోస్ పద్ధతిలోనూ, కొత్త యూఈఎఫ్‌ఐ (మెసేజ్‌లో ‘ఈఎఫ్‌ఐ’ అన్నది ఇదే) పద్ధతిలోనూ. మీ విండోస్ మొదట్లో బయోస్ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయింది, డీవీడీ కూడా అలాగే బూట్ అయింది, అందుకే అప్పుడు సైజు దాకా వెళ్లి అక్కడ ఆగింది. పెన్‌డ్రైవ్ మాత్రం యూఈఎఫ్‌ఐలో లేచింది. ఏ పద్ధతిలో తీసిన ఇమేజ్‌ని ఆ పద్ధతిలో లేచిన రికవరీలోంచే పెట్టనిస్తుంది. అంటే సైజు సరిపోయిన డిస్క్‌తో ఈ ఇమేజ్‌ని సరైన పద్ధతిలో మీరు ఇంకా ఒక్కసారి కూడా ప్రయత్నించలేదు.

దీనికి మందు బూట్ మెనూలో ఉంది. కంప్యూటర్ ఆన్ చేయగానే ఎఫ్12 గానీ, ఎఫ్11, ఎఫ్8, ఎస్కేప్‌లలో మీ బోర్డుకి ఏది పనిచేస్తే అది గానీ వరసగా నొక్కితే ఆ మెనూ వస్తుంది. ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది: ఒకటి పేరు ముందు ‘యూఈఎఫ్‌ఐ’ అని, ఇంకొకటి ఉత్త పేరుతో. ఉత్త పేరున్నది ఎంచుకోండి. ఒక్కటే, అదీ యూఈఎఫ్‌ఐదే కనబడితే బయోస్ సెటప్‌లోకి వెళ్లి ‘సెక్యూర్ బూట్’ ఆపి, ‘సీఎస్ఎమ్’ లేదా ‘లెగసీ’ అన్నదాన్ని, అంటే పాత బయోస్ పద్ధతిని, ఆన్ చేయండి. మీ బోర్డులో అది ఉండి తీరుతుంది, లేకపోతే మీ పాత విండోస్ అసలు నడిచేదే కాదు. అక్కడే ఉండే సాటా మోడ్ జోలికి మాత్రం వెళ్లవద్దు. ఏహెచ్‌సీఐ అనో ఐడీఈ అనో ఉంటుంది, దాన్ని మారిస్తే రిస్టోర్ శుభ్రంగా పూర్తయి, మొదటిసారి బూట్‌లో ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలి తెర పడుతుంది. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్, సీఆర్2032, అయిపోయిన కంప్యూటర్‌లలో ఈ సెట్టింగులన్నీ వాటంతట అవే మొదటికొస్తాయి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తుంటే ముందు ఆ సెల్ మార్చండి.

ఎదుటివాళ్ల ఇమేజ్ బయోస్‌దో యూఈఎఫ్‌ఐదో కూడా దాన్ని చూసి చెప్పవచ్చు. తేదీ ఫోల్డర్‌లో ‘ఈఎస్‌పీ’ అనే పొట్టి పేరుతో వీహెచ్‌డీఎక్స్ ఉంటే అది యూఈఎఫ్‌ఐ ఇమేజ్.

‘ఫార్మాట్ అండ్ రీపార్టిషన్ డిస్క్స్’ దగ్గర మీరు ఆగడం మంచిదయింది. ఆ టిక్‌కి అర్థం, ఇమేజ్‌లోని లేఅవుట్‌కి తగ్గట్టు కంప్యూటర్‌లోని డిస్క్‌లను చెరిపి మళ్లీ గీయమని. ఇమేజ్ ఉన్న డ్రైవ్‌ని వదిలేస్తుంది, మిగతావాటికి ఆ భరోసా లేదు. కొత్త డిస్క్ మీద పెట్టేటప్పుడు చాలాసార్లు ఆ గడి టిక్‌తోనే, తీయడానికి వీల్లేకుండా బూడిద రంగులో వస్తుంది కూడా. అందుకని టిక్ పెట్టాలా వద్దా అన్న ఆలోచన వదిలేయండి. పవర్ తీసి, క్యాబినెట్ తెరిచి, ఫొటోలున్న రెండో డిస్క్‌కి వెళ్లే సాటా కేబుల్ పీకేయండి. ‘ఎక్స్‌క్లూడ్ డిస్క్స్’ అని బటన్ ఉంటుంది గానీ, పీకిన కేబుల్ మీద ఉన్న నమ్మకం నాకు దానిమీద లేదు.

ఇంకొకటి. అరువు డిస్క్‌లో మిత్రుడి ఫైళ్లు ఏమైనా ఉన్నాయా? రిస్టోర్ నొక్కిన క్షణం అవన్నీ పోతాయి. అతన్ని అడిగి, అవసరమైనవి తీసేసుకోమని చెప్పాకే మొదలుపెట్టండి.

మొదలుపెట్టే రోజు కంప్యూటర్ లోపల అరువు డిస్క్ ఒక్కటే, బయట ఇమేజ్ ఉన్న డ్రైవ్, పెన్‌డ్రైవ్. అంతే. ప్రింటర్, ఇంకో పెన్‌డ్రైవ్, కార్డ్ రీడర్ ఏవీ వద్దు. రెండు ప్రతుల్లో ఒకదాన్నే పెట్టండి, రెండోది బీరువాలో ఉండాలి. పెన్‌డ్రైవ్ తెర మీద ‘ఇన్‌స్టాల్’ జోలికి పోకుండా ‘రిపేర్ యువర్ కంప్యూటర్’, ఆ తర్వాత ‘ట్రబుల్‌షూట్’, అందులో ‘సిస్టమ్ ఇమేజ్ రికవరీ’. అది కనబడకపోతే ‘సీ మోర్ రికవరీ ఆప్షన్స్’ అన్న వరస కింద దాక్కుని ఉంటుంది. పెన్‌డ్రైవ్ 64 బిట్‌దేనా అని కూడా చూసుకోండి, 64 బిట్ విండోస్ ఇమేజ్‌కి 32 బిట్ రికవరీ ఒప్పుకోదు. ఇమేజ్ తేదీ, కంప్యూటర్ పేరు చూపించి సరేనా అంటుంది. ఆ తేదీ మీరు తీసిన ఆఖరి బ్యాకప్‌దే అయితే ముందుకెళ్లండి.

210 జీబీకి యూఎస్‌బీ 2.0 పోర్టు అయితే రెండు గంటల పైమాటే, 3.0 అయితే అందులో సగం కూడా పట్టకపోవచ్చు. మధ్యలో పచ్చగీత ఒకేచోట చాలాసేపు నిలబడిపోతుంది, ఆగిపోయిందని పవర్ బటన్ నొక్కవద్దు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ లైటు మిణుకుతున్నంతసేపూ పని జరుగుతున్నట్టే. మధ్యలో కరెంటు పోతే కథ మొదటికొస్తుంది కాబట్టి యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలబడుతుందో ముందే చూసుకోండి. పది నిమిషాలు ఆగే యూపీఎస్ ఇక్కడ పనికిరాదు, ఇన్వర్టర్ లైను మీద పెట్టుకోవడం మేలు. బోర్డు పాతదే కాబట్టి విండోస్ యాక్టివేషన్ గొడవ రాకూడదు. ఫాంట్ సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ ఉంటే, అన్నీ లేచాక పెట్టండి.

మీ పాత విండోస్ లేచి, ఒక పెళ్లి కార్డు తెరిచి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయని చూసుకున్నారనుకోండి. ఇప్పుడు 960 జీబీ ఎస్‌ఎస్‌డీ పనికొస్తుంది. తేడా విండోస్ లెక్కలో 37 జీబీ చిల్లరే అన్నాం కదా. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద రైట్ క్లిక్, ‘ష్రింక్ వాల్యూమ్’, గడిలో 51200 అని కొట్టండి. అది ఎంబీల్లో, అంటే 50 జీబీ. 931లో 210 మాత్రమే వాడారు కాబట్టి మామూలుగా మాట వింటుంది. అంత కుదరదంటే హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ మూడింటినీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. డిస్క్ మధ్యలో కదలకుండా కూర్చునేవి ఎక్కువగా అవే. తర్వాత ఎస్‌ఎస్‌డీ కంపెనీ వాళ్లు ఉచితంగా ఇచ్చే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో అరువు డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేయండి, అంటే ఉన్నదున్నట్టు నకలు తీయండి. సీ తర్వాత డిస్క్ చివర 500 ఎంబీ దాకా చిన్న రికవరీ పార్టిషన్ ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు అక్కడ తడబడతాయి. పార్టిషన్ సైజులు మార్చుకోనిచ్చే సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటే ఇబ్బంది ఉండదు. క్లోన్ అయ్యాక మొదటి బూట్‌కి ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి, అరువు డిస్క్ కేబుల్ తీసేయండి. రెండింటికీ ఒకే డిస్క్ సిగ్నేచర్ ఉంటుంది, కలిపి పెడితే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పడేస్తుంది, అది ఏదో మన చేతిలో ఉండదు.

ఇంత చేసినా రిస్టోర్ టూల్ మొండికేస్తే దాన్ని పూర్తిగా వదిలేసే దారి ఒకటి ఉంది. ఇమేజ్‌ని ఇందాకటిలాగే రీడ్-ఓన్లీగా అటాచ్ చేసి, విండోస్‌లోనే ఉండే ‘డిస్మ్’ కమాండ్‌తో అందులోని సీ డ్రైవ్ మొత్తాన్ని ఒక విమ్ ఫైలుగా పట్టుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీలో మనకు నచ్చిన సైజులో పార్టిషన్‌లు గీసి, అదే డిస్మ్‌తో ఆ విమ్‌ని పరిచి, చివర ‘బీసీడీబూట్’ అనే కమాండ్‌తో బూట్ ఫైళ్లు రాయిస్తారు. ఈ పద్ధతికి డిస్క్ సైజు పట్టింపు లేదు, సామాను పడితే చాలు, 480 కూడా సరిపోతుంది. బయోస్, యూఈఎఫ్‌ఐ తేడా కూడా లేదు, ఏది కావాలంటే దానికి బూట్ ఫైళ్లు రాసుకోవచ్చు. కొత్త బోర్డుల్లో లెగసీ బూట్ తీసేస్తున్నారు, పాత బయోస్ ఇమేజ్‌తో అలాంటి కంప్యూటర్‌కి మారేవాళ్లకు ఇది పనికొచ్చే దారి. కాకపోతే ఇది కమాండ్ ప్రాంప్ట్‌తో చెయ్యి తిరిగినవాళ్ల పని. సర్వీస్ సెంటర్‌లో ఈ రెండు పేర్లు చెప్పి చూడండి, తెలిసినవాడైతే ముఖంలోనే తెలిసిపోతుంది. అలాంటివాడికి ఒక పూట కూలి ఇవ్వడం న్యాయం, 18 వేలు కాదు.

మీరు అడగలేదు గానీ, ఈ సిస్టమ్ ఇమేజ్ టూల్‌ని మైక్రోసాఫ్ట్ 2017లోనే, విండోస్ 10 1709 వెర్షన్‌తో, ఇక అభివృద్ధి చేయబోని జాబితాలో వేసింది. వేరే కంపెనీల బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడుకోమని తనే చెప్పింది. విండోస్ 10కి మామూలు సపోర్టు కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కంప్యూటర్ నిలదొక్కుకున్నాక తర్వాతి ఇమేజ్‌ని చిన్న డిస్క్‌లోకి కూడా రిస్టోర్ చేయగలిగే సాఫ్ట్‌వేర్‌తో తీసుకోండి. కొత్త పద్ధతి ఒకసారి పనిచేసిందని చూసుకునేదాకా పాత ఇమేజ్ చెరపవద్దు.

మిత్రుడికి డిస్క్ తిరిగిచ్చే ముందు ఒక పని ఉంది. అందులో మీ షాపు మొత్తం ఉంది. డీటీపీ షాపు అంటే పెళ్లి కార్డులే కాదుగా, జిరాక్స్‌కి వచ్చినవాళ్ల ఆధార్ స్కాన్‌లు, పాస్‌పోర్టు ఫొటోలు, సర్టిఫికెట్లు అన్నీ ఉంటాయి. మామూలు క్విక్ ఫార్మాట్‌తో అవి చెరిగిపోవు. ఫార్మాట్ పెట్టెలో ‘క్విక్’ అన్న చోట టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ పెట్టండి, ఫార్మాట్ చేసిన పార్టిషన్ అంతా సున్నాలు రాస్తుంది. 1 టీబీకి గంటలు పడుతుంది, రాత్రి షాపు మూసేటప్పుడు పెట్టి వెళ్లండి. ఎస్‌ఎస్‌డీతో ఒక వారం నిక్షేపంగా పని జరిగాకే సుమా.